శ్రీలంక పల్లెలో ఒక ఇంట్లో ఉంటూ సేవ చేయాలంటే: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా

బౌద్ధ దేశంలో కొన్నాళ్లు ఉండి ఏదైనా సేవ చేయాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగే తెలుగువాళ్లకు నేను ముందు చెప్పే పేరు శ్రీలంక. భూటాన్, థాయిలాండ్ కూడా మంచివే. కాని చేత్తో కలుపుకుని తినే అన్నం, కొబ్బరి, కరివేపాకు, చెరువు కింద వరి, గుమ్మం బయట విడిచే చెప్పులు, ఇవన్నీ మనకు తెలిసినవే కాబట్టి అక్కడ అలవాటు పడటానికి పట్టే రోజులు తక్కువ, పనికి మిగిలే రోజులు ఎక్కువ.

బంధుత్వం కూడా పాతదే. తామ్రపర్ణికి, అంటే లంకకు చెందిన థేరవాద బౌద్ధ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి నాగార్జునకొండ శాసనంలో ఉంది. అక్కడ సింహళ విహారం కూడా ఉండేది. 18వ శతాబ్దంలో క్యాండీని ఏలిన నాయక్కర్ వంశానివి మదురై నాయకుల వైపు నుంచి వచ్చిన తెలుగు మూలాలు. ఆ వంశపు కీర్తి శ్రీ రాజసింహ కాలంలోనే, 1753లో, సయాం, అంటే నేటి థాయిలాండ్, నుంచి భిక్షువులను పిలిపించి లంకలో ఆగిపోయిన ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) పరంపరను మళ్లీ నిలబెట్టారు.

ఒక విషయం మొదట్లోనే చెప్పేస్తాను. అక్కడ మీరు ముందు ఒక ఇంటి మనిషి కావాలి, ఆ తర్వాతే వాలంటీర్. ఈ వరస తిరగబడితే రెండూ కుదరవు. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ వరసను కాపాడుకోవడానికే.

మొదటి అడుగు: మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?

"నేనేం చేయగలను" అన్న ప్రశ్న తర్వాత. అక్కడెవరికి ఏం కావాలి, దానికి బయటి మనిషి అవసరమా అన్నది ముందు. శ్రీలంక పల్లెల్లో చదువు తక్కువేమీ కాదు, పనిచేసే చేతులకు కొదవ లేదు. గోడకు సున్నం వేయడానికి మీరు విమానం ఎక్కి వెళ్తే, ఆ ఊరి కూలీకి రెండు రోజుల పని పోతుంది. అదే ఆదివారం ధర్మ పాఠశాల పిల్లలతో ఇంగ్లిష్ మాట్లాడించే మనిషి, రైతు సంఘం లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్కడి ఒకరిద్దరికి నేర్పే మనిషి, ఫిజియోథెరపీయో నర్సింగో చదివిన మనిషి కావాలని ఊరే అడిగిందంటే, అది నిజమైన పిలుపు.

అనాథాశ్రమంలో పిల్లలతో గడపడం అన్న పని ఎవరు చూపించినా వద్దనండి. ప్రపంచంలో చాలాచోట్ల అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల అక్కడికి చేరతారు. కాంబోడియా, నేపాల్‌లలో విదేశీ వాలంటీర్లు, వాళ్లు తెచ్చే డబ్బు పెరిగేకొద్దీ ఆశ్రమాలు పుట్టుకొచ్చిన వైనం అందరికీ తెలిసిందే. మూడు వారాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాలుగో వారం వెళ్లిపోయే మనుషులు ఆ పిల్లలకు మేలు చేయరు. సముద్రతీరంలో తాబేళ్ల పెంపకం కేంద్రాల విషయంలోనూ ఇలాగే ఆగి ఆలోచించండి. పొదిగిన పిల్లలను వెంటనే సముద్రంలోకి వదలకుండా, సందర్శకులకు చూపించడానికి తొట్లలో ఉంచే చోట్లున్నాయి.

మంచి నమూనా ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే సర్వోదయ శ్రమదాన ఉద్యమం గురించి చదవండి. 1958లో కొలంబో నలందా కళాశాల ఉపాధ్యాయుడు ఏ.టి. అరియరత్నే తన విద్యార్థులను కనతొలువ అనే వెలివేతకు గురైన ఊరికి తీసుకెళ్లాడు. విద్యార్థులు ఆ ఊరివాళ్లతో కలిసి తిన్నారు, కలిసి పనిచేశారు. గాంధీ సర్వోదయ భావన, వినోబా భావే భూదాన గ్రామదానాలు ఆయన మీద బలంగా పనిచేశాయి. ఆ భూదానం మొదలైంది 1951లో మన పోచంపల్లిలోనే. 1969లో రామన్ మెగసెసే పురస్కారం, 1996లో మన దేశపు గాంధీ శాంతి బహుమతి అందుకున్న అరియరత్నే 2024లో కన్నుమూశారు. ఆ శిబిరాల్లో పాటించే నాలుగు సూత్రాలు బౌద్ధం నుంచే వచ్చాయి: దానం, ప్రియవచనం, అర్థచర్య (ఎదుటివారికి మేలు చేసే పని), సమానాత్మత (అందరినీ సమానంగా చూడటం). ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న తేడా లేకుండా ఇద్దరూ ఒకే మట్టి తట్ట మోస్తారు. ఏ సంస్థ ద్వారా వెళ్లినా ఈ కొలతతోనే చూడండి.

రెండో అడుగు: ఎక్కడ, ఎప్పుడు

దేశంలో సుమారు 70 శాతం బౌద్ధులు. ఉత్తరాన, తూర్పున తమిళ హిందువులు, ముస్లింలు, తేయాకు తోటల్లో కొండ తమిళులు, పశ్చిమ తీరంలో క్రైస్తవులు. బౌద్ధ గ్రామజీవితం చూడాలంటే అనురాధపురం, పొలొన్నరువ, కురుణెగల జిల్లాల పొడి మండలానికి, అంటే వానలు తక్కువ పడే ప్రాంతానికి, వెళ్లమంటాను. ఊరికో చెరువు, చెరువు పక్కన గుడి, గుడి పక్కన స్తూపం. వాళ్లు వెవ అనే ఆ చెరువులు ఒకదాని అలుగు నీరు ఇంకోదానికి చేరేలా కట్టిన గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల చెరువులు చూసి పెరిగినవాళ్లకు కట్ట మీద నిలబడగానే ఊరి లెక్క అర్థమైపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ వ్యవస్థను ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఇదే ప్రాంతానికి ఒక కష్టం ఉంది, ముందే తెలిసి వెళ్లండి. ఉత్తర మధ్య రాష్ట్రంలో కారణం తేలని కిడ్నీ వ్యాధి చాలా ఇళ్లను పట్టుకుంది. మన శ్రీకాకుళం ఉద్దానం గురించి తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. చాలా ఊళ్లలో శుద్ధి చేసిన నీటి ప్లాంట్లు పెట్టారు. ఇంటివాళ్లు తాగడానికి ఏ నీళ్లు వాడుతున్నారో అవే తాగండి, వంటకు వేరు, స్నానానికి వేరు ఉంటాయి. మంచాన పడ్డ మనిషి గురించి వాళ్లు చెప్పేదాకా మీరు అడగకండి.

కాలం సంగతి. పెద్ద పంట "మహ" సెప్టెంబర్ చివర్లో దుక్కులతో మొదలై మార్చిలో కోతలతో ముగుస్తుంది. చిన్న పంట "యల" మే నుంచి ఆగస్టు దాకా. పొడి మండలానికి అక్టోబర్ నుంచి జనవరి దాకా వానలు. చెరువు పూడిక పని చేయాలంటే యల చివర్లో నీరు అడుగంటినప్పుడు వెళ్లాలి. బడిలో పనైతే సెలవుల తేదీలు ముందే అడిగి తెలుసుకోండి, ఈ మధ్య ఏళ్లలో అవి అటూ ఇటూ మారుతున్నాయి.

నెల కంటే తక్కువైతే ఇంట్లో ఉండి సేవ చేయడానికి వెళ్లొద్దు, యాత్రకు వెళ్లండి. మొదటి వారం మీ గురించి ఇంటివాళ్లే శ్రమపడతారు, ఆ శ్రమ తీర్చడానికైనా కాస్త సమయం కావాలి.

మూడో అడుగు: సంస్థను అడగాల్సినవి

డబ్బు అడిగే సంస్థలన్నీ మోసం కాదు. మీ తిండి, మంచం, మీ కోసం తిరిగే మనిషి ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. అయితే మీరు కట్టేదాంట్లో ఇంటికి ఎంత వెళ్తుంది, ఊరికి ఎంత వెళ్తుంది అని సూటిగా అడగండి. చెప్పడానికి తడబడితే అక్కడే వదిలేయండి. మీకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమనండి. పిల్లలున్న పనికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగని సంస్థను నమ్మకండి, అడగకపోవడమే దాని గురించి చాలా చెబుతుంది. ఆ సర్టిఫికెట్ మనకు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారానే వస్తుంది.

ఇంటి గురించి అడగాల్సినవి వేరు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, గది విడిగా ఉందా, తలుపుకు లోపలి నుంచి గడియ ఉందా, స్నానం బావి దగ్గరా లోపలా, రాత్రి బయటికి వెళ్లాలంటే ఎంత దూరం. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. ఇంట్లో పెద్దావిడ ఉన్న చోటు కావాలని చెప్పండి. ఊళ్లో మీకు దారి చూపేదీ, మీ పక్షాన నిలబడేదీ ఆవిడే.

నాలుగో అడుగు: వీసా

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. పర్యాటకులకిచ్చే ఎలక్ట్రానిక్ అనుమతి మీద జీతం ఉన్నా లేకపోయినా పని చేయడం నిషిద్ధం. "డబ్బు తీసుకోవడం లేదు కదా" అన్న వాదన చెల్లదు. మిమ్మల్ని పిలిచే సంస్థ అక్కడ నమోదైనదై ఉండాలి, మీ పనికి తగిన వీసా కోసం వాళ్లే కాగితాలు పెట్టాలి. "పర్యాటక వీసా మీద వచ్చేయండి, ఎవరూ చూడరు" అని చెప్పే సంస్థ దొరికితే, రేపు ఇబ్బంది వస్తే వాళ్లు మీ వెనక ఉండరని అర్థం చేసుకోండి. రుసుములు, మినహాయింపులు తరచూ మారతాయి కాబట్టి శ్రీలంక వలస శాఖ అధికారిక వెబ్‌సైట్ ఒక్కటే చూడండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతాయి.

ఊరికి చేరాక, గ్రామ నిలధారి అనే ప్రభుత్వ అధికారికి మీరు వచ్చిన సంగతి ఇంటివాళ్ల చేత చెప్పించండి. మన వీఆర్వో లాంటివాడు. కొలంబోలో భారత హైకమిషన్, క్యాండీలో సహాయ హైకమిషన్, జాఫ్నా, హంబన్‌తొటలలో కాన్సులేట్లు ఉన్నాయి. నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఐదో అడుగు: ఒళ్లు, పెట్టె

శ్రీలంక మలేరియాను నిర్మూలించింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అందుకే మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ జ్వరం వస్తే, "నేను ఇండియా నుంచి వచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. అది మీ కోసమే కాదు, ఆ దేశం కాపాడుకుంటున్న ఘనత కోసం కూడా. డెంగీ మాత్రం ఉంది. పొలంలో దిగేవాళ్లకు అసలు ప్రమాదం ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్. కాలికి చిన్న గీత ఉన్నా బురదలోకి దిగకండి. నాట్ల కాలంలో రైతులకు ఆరోగ్యశాఖ ముందుజాగ్రత్త మాత్రలు ఇస్తుంది, మీ సంగతి కూడా ఆ ఊరి ఆరోగ్య అధికారిని అడగండి. ధనురువాతం, టైఫాయిడ్, హెపటైటిస్, కుక్కకాటు టీకాల గురించి ఇక్కడే మీ డాక్టరుతో మాట్లాడండి. గుళ్ల దగ్గర కుక్కలు ఎక్కువ.

అంబులెన్స్ నంబరు 1990, ఉచితం. సువ సెరియ అనే ఆ సేవ మన దేశం ఇచ్చిన సాయంతో 2016లో మొదలైంది. పోలీసు 119.

పెట్టెలో ఎక్కువ వద్దు. రెండు జతల తెల్లబట్టలు తప్పనిసరి, గుడికీ చావు ఇంటికీ అవే. భుజాలు, మోకాళ్లు కప్పే నూలు బట్టలు. టార్చిలైటు. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు చాలా ఇళ్లలో పడుతుంది గాని, చదును పిన్నుల సాకెట్లు కూడా ఉంటాయి కాబట్టి ఒక అడాప్టర్. యూపీఐ 2024 నుంచి కొన్ని దుకాణాల్లో పనిచేస్తోంది, పల్లెలో మాత్రం నోట్లే. ఇంటికి తీసుకెళ్లడానికి పూతరేకులో, మంచి చింతపండో, కలంకారీ గుడ్డో. ఖరీదైనవి వద్దు, తిరిగి ఏమివ్వాలా అని వాళ్లు నలిగిపోతారు.

ఆరో అడుగు: ఓ ముప్పై మాటలు

సింహళం వెళ్లకముందే కొంచెం నేర్చుకోండి. ఆయుబోవన్ అంటే నమస్కారం. స్తూతి అంటే కృతజ్ఞత, అయితే ఇంట్లో ప్రతిదానికీ చెప్పరు, చిరునవ్వు చాలు. వతుర నీళ్లు, బత్ అన్నం, హరి అంటే సరే, ఎపా అంటే వద్దు. అన్నం చాలనడానికి "బడ పిరిల" అంటే, కడుపు నిండిందని నవ్వుతూ వదిలేస్తారు. వట్టి "ఎపా" అంటే మనసు చిన్నబుచ్చుకుంటారు.

పేర్లతో పిలవకండి, వరసలతో పిలవండి. అమ్మ, అక్క మనలాగే. నాన్న తాత్త, తాతయ్య సీయ, బామ్మ ఆచ్చి, అన్నయ్య అయ్య, తమ్ముడు మల్లి, చెల్లెలు నంగి. బస్సు కండక్టరైనా, కూరగాయలమ్మైనా వయసును బట్టి ఈ వరసల్లోనే. మీరు "అమ్మా" అని పిలిచిన క్షణం నుంచి ఇంట్లో మీ లెక్క మారుతుంది.

ఏడో అడుగు: ఇంట్లో మొదటి రెండు వారాలు

మీరు చేరిన రోజు మీకు బల్ల మీద పళ్లెం పెట్టి, ఇంటివాళ్లు చుట్టూ నిలబడి వడ్డిస్తారు. మీరు తిన్నాకే వాళ్లు తింటారు. అది మర్యాద, కాదనకండి. నాలుగైదు రోజులయ్యాక పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, "అమ్మా, ఇక్కడే తింటాను" అని పీట వేసుకుని కూర్చోండి. ఒకరోజు వారిస్తారు. రెండోరోజు జరిగి చోటిస్తారు.

వంటింట్లో మీకు దొరికే మొదటి పని కొబ్బరి కోరడం. హిరమనే అంటే చిన్న పీట, ముందు పళ్లున్న ఇనుప నాలుక. పీట మీద కూర్చుని చిప్పను రెండు చేతులతో తిప్పుతూ కోరాలి. చిప్ప గోధుమ పొర తగిలిందంటే ఆపేయాలి, లేకపోతే పాలు నల్లబడతాయి. ఆ కోరును పిండి తీసిన మొదటి చిక్కటి పాలు కూర దించే ముందు పోయడానికి పక్కన పెడతారు, నీళ్లు పోసి పిండిన రెండో పాలల్లో కూర ఉడుకుతుంది. ఈ పని వచ్చినవాళ్లకు పొద్దున్నే వంటింట్లో ఒక చోటు ఖాయం. ఊరి సంగతులన్నీ మీకు అక్కడే తెలుస్తాయి. ఎవరి కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, ఏ పొలానికి నీళ్లు అందలేదు, మీరు చేయబోయే పని ఊరికి నిజంగా కావాలా వద్దా, అన్నీ.

శాకాహారులకు ఒక హెచ్చరిక. బౌద్ధ దేశమంటే శాకాహార దేశం కాదు. చేపలు రోజూ ఉంటాయి, భిక్షువులకు పెట్టే దానంలోనూ ఉంటాయి. గొడ్డుమాంసం మాత్రం చాలా ఇళ్లలో తినరు. పప్పులోనూ, కొబ్బరి పచ్చడి లాంటి పొల్ సంబోల్‌లోనూ ఉంబలకడ అనే ఎండుచేప పొడి పడుతుంది, చూడటానికి తెలియదు. కాబట్టి మాంసం తిననని కాకుండా, "మాళు (చేప) ఎపా, ఉంబలకడ ఎపా" అని పేరు పెట్టి మొదటిరోజే చెప్పండి. చెప్పాక వాళ్లు మీ కోసం పనస, మునగ, గుమ్మడి, ఆకుకూరలను తరిగి కొబ్బరికోరు కలిపి చేసే మల్లుమ్ ఎంత బాగా చేస్తారో చూస్తారు.

స్నానం బావి దగ్గరో చెరువులోనో అయితే మగవాళ్లు సరోంగ్ అనే లుంగీ కట్టుకుని, ఆడవాళ్లు దియ రెద్ద అనే గుడ్డను చంకల కింద నుంచి చుట్టుకుని పోసుకుంటారు. ఆడవాళ్లైతే తొలిసారి ఇంటి ఆడపిల్లలతో కలిసి వెళ్లండి, ఏ వేళ ఆడవాళ్లది, ఏ రేవు ఎవరిదో తెలుస్తుంది. తాగే బావి దగ్గర సబ్బు పనికిరాదు.

చీకటి పడ్డాక ఒంటరిగా నడవొద్దు. పొడి మండలంలో ఏనుగులు పొలాల్లోకి వస్తాయి, ఇది మాట వరసకు చెప్పేది కాదు. ఏ దారిన పోవచ్చో, ఏ వేళ దాటాక పోకూడదో తాత్తను అడిగి అక్షరాలా పాటించండి.

ఇంటి ఖర్చు సంస్థ ద్వారా వెళ్తే మళ్లీ చేతిలో డబ్బు పెట్టొద్దు. సంతకు వెళ్లినప్పుడు చక్కెర, టీపొడి, పాలపొడి పట్టుకొచ్చి మాట్లాడకుండా వంటింట్లో పెట్టేయండి.

ఎనిమిదో అడుగు: గుడి

పల్లె గుడిని పన్సల అంటారు. చెప్పులు, టోపీ వాకిలి బయటే. స్తూపం చుట్టూ ప్రదక్షిణ మనలాగే కుడివైపుగా. బుద్ధుడి ముందు పెట్టే పూలను వాసన చూడకూడదు, తామరలు, కలువలు, దేవగన్నేరు పూలు తెస్తారు. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగడం అక్కడ తీవ్రమైన తప్పు, సెల్ఫీ ఇక మాట్లాడనక్కర్లేదు. బుద్ధుడి పచ్చబొట్టు ఉంటే అసలు కనబడనీయకండి, దాని వల్లే దేశం నుంచి పంపించేసిన సంఘటన ఉంది.

భిక్షువును హాముదురువనే అని పిలుస్తారు. మీరు చేతులు జోడించి నమస్కరిస్తే ఆయన తిరిగి నమస్కరించరు, దాన్ని అగౌరవంగా అనుకోకండి. ఆయన కూర్చున్న దాని కంటే ఎత్తులో కూర్చోకూడదు. ఎవరింట్లోనైనా తెల్లగుడ్డ కప్పిన కుర్చీ కనిపిస్తే అది భిక్షువు కోసం, అందులో కూర్చోవద్దు. బస్సులో ముందు సీటు కూడా వాళ్లదే. ఆడవాళ్లు భిక్షువును తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే బల్ల మీదో, పరిచిన గుడ్డ మీదో పెట్టాలి. మధ్యాహ్నం పన్నెండు దాటాక భిక్షువులు అన్నం తినరు. అందుకే మీ ఇంటివాళ్లకు దానం వంతు వచ్చిన రోజు, ఊళ్లో ఇంటింటికీ వంతులుంటాయి, చీకటితోనే లేచి వండాల్సి ఉంటుంది. ఆ రోజు మీరూ వాళ్లతో పాటు లేచి కొబ్బరి కోరితే, నెలంతా చేసిన పని కంటే అదే గుర్తుంచుకుంటారు.

ప్రతి పున్నమీ పోయ రోజు, దేశమంతా సెలవు. మందు, మాంసం అమ్మరు. తెల్లబట్టలు కట్టి సిల్, అంటే శీల నియమాలు, తీసుకుని రోజంతా గుళ్లోనే ఉంటారు. మే నెలలో వెసాక్ అన్నిటికంటే పెద్దది, వీధుల్లో వచ్చిన వాళ్లందరికీ ఉచితంగా తిండి పెట్టే దన్‌సల్‌లు వెలుస్తాయి, వడ్డించడానికి చేతులు కావాలి, వెళ్లి నిలబడండి. జూన్‌లో పొసొన్, అశోకుడి కొడుకు మహిందుడు మిహింతలే కొండ మీదకు వచ్చిన రోజు. అనురాధపురం చుట్టుపక్కల ఉంటే ఆ జనసందోహాన్ని వదులుకోవద్దు.

మీరు హిందువో, క్రైస్తవులో, ముస్లిమో అయితే ఆ సంగతి దాచనక్కర్లేదు. నమ్మకం మారమని మిమ్మల్ని ఎవరూ అడగరు. పక్కన కూర్చుని నిశ్శబ్దంగా ఉంటే చాలు.

తొమ్మిదో అడుగు: పని

మొదటి రెండు వారాలు కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. జరుగుతున్న పనిలో చెయ్యి కలపండి. గుడి మళువ, అంటే ఇసుక పరిచిన ఆవరణ, పొద్దున్నే పుల్లల చీపురుతో ఊడుస్తారు. నాట్లకు, కోతలకు ఇల్లిల్లూ ఒకరికొకరు సాయం వెళ్లే అత్తం పద్ధతి ఉంది, ఇంటివాళ్లతో పాటు వెళ్లండి. శనివారం శ్రమదానమైతే తట్ట మోయండి. ఊళ్లో ఎవరైనా పోతే దారి పొడవునా తెల్లజెండాలు కడతారు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే వండి తెస్తారు. మరణాధార సమితి అనే ఊరి సంఘం కుర్చీలు, పందిరి, ఖర్చు చూసుకుంటుంది. కుర్చీలు మోయడానికి మీరూ వెళ్లండి. ఊరు మిమ్మల్ని లెక్కలోకి తీసుకునేది అప్పుడే.

ఇంగ్లిష్ చెప్పే పనైతే, ప్రభుత్వ బడికి విద్యాశాఖ అనుమతి కావాలి. ఆదివారం పన్సలలో జరిగే దహం పాసల్‌కు (ధర్మ పాఠశాలకు) పెద్ద భిక్షువు ఒప్పుకుంటే చాలు. వ్యాకరణం పిల్లలకు బడిలో ఉంది, లేనిది మాట్లాడే ధైర్యం. వారానికి ఒక్క సన్నివేశం తీసుకోండి: బస్సులో టికెట్ అడగడం, డాక్టరుకు నొప్పి చెప్పడం, ఊరికొచ్చిన కొత్తవాడికి గుడి చూపించడం. క్రికెట్ కామెంటరీ ఒక్కటే పిల్లలను గంటసేపు ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తుంది, 1996 ప్రపంచకప్ సెమీఫైనల్ గురించి వాళ్లు మిమ్మల్ని ఎలాగూ ఆటపట్టిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్లోని ఒక యువతినో యువకుణ్నో పక్కన నిలబెట్టుకోండి. మొదటి వారం మీరు చెప్పి వాళ్లు చూడాలి, చివరి వారం వాళ్లు చెప్పి మీరు చూడాలి.

పిల్లల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టకండి. వాళ్ల పేదరికం మీ పోస్టుకు సరుకు కాకూడదు.

మాట్లాడకూడనివి కొన్ని ఉన్నాయి. 2009లో ముగిసిన యుద్ధం గురించి, 1987 నుంచి 1990 దాకా అక్కడున్న మన సైన్యం గురించి మీరుగా ఎత్తకండి. ఆ ఇంట్లోనే ఒక కొడుకు పోయి ఉండొచ్చు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, వాదించకండి. పొరుగునున్న తమిళ ఊరి గురించి ఏమైనా అన్నా అంతే, రెండో వైపు కూడా వినడానికి ఒక ఆదివారం కేటాయించండి.

తెలుగువాళ్లుగా ఇంకొకటి. అనురాధపురం జిల్లా తంబుత్తెగమ దగ్గర కుడాగమ లాంటి చోట్ల అహికుంఠికులు ఉన్నారు. పాములాడిస్తూ, కోతులాడిస్తూ తరాలుగా తిరిగిన వాళ్లు ఇళ్లల్లో మాట్లాడుకునేది ఒక రకం తెలుగే. దారిలో ఉంటే, ముందు అడిగి, ఆహ్వానిస్తేనే వెళ్లండి. చూడటానికి వెళ్లినట్టు కాకుండా, కబుర్లు చెప్పుకోవడానికి వెళ్లండి.

చివరి అడుగు: తిరిగొచ్చే ముందు

వెళ్లే తేదీ ఇంట్లోనూ, తరగతిలోనూ కనీసం రెండు వారాల ముందు చెప్పండి. మొదలుపెట్టిన పని ఎక్కడిదాకా వచ్చిందో, పాస్‌వర్డ్‌లు, పుస్తకాలు, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, సింహళంలోకి మార్పించి, పక్కన నిలబెట్టుకున్న మనిషికి ఇవ్వండి. మళ్లీ వస్తానని పిల్లలకు మాట ఇవ్వొద్దు, నిజంగా టికెట్ కొన్నాక చెప్పండి. ఊరికి డబ్బు సాయం చేయాలనిపిస్తే ఒక ఇంటికి కాకుండా గుడికో, రైతు సంఘానికో, మరణాధార సమితికో రసీదు తీసుకుని ఇవ్వండి. ఒక ఇంటికి ఇస్తే పక్క నాలుగిళ్లతో ఆ ఇంటికి చెడుతుంది.

బయల్దేరే రోజు తమలపాకుల కట్ట రెండు చేతులతో అమ్మకు, తాత్తకు అందించి, వంగి నమస్కరించండి. పెద్దలకు వాళ్ల పిల్లలు చేసేది అదే.

ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ కొత్త సంవత్సరం వస్తుంది. ఆ రోజుల్లో ఫోన్ చేయండి. పొయ్యి వెలిగించడానికి, తొలి ముద్ద తినడానికి శుభ ఘడియలు ఉంటాయి కాబట్టి ఆ వేళలు అడిగి తెలుసుకుని, అవి దాటాక చేస్తే ఇంట్లో అందరూ తీరిగ్గా దొరుకుతారు.